సీనియర్ సిటిజన్ల ఇళ్ల ప్రాజెక్టు, మున్సిపల్ అనుమతి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మానాన్నల కోసం ఫ్లాట్ చూస్తున్న పిల్లలు, తమ కోసం తామే చూసుకుంటున్న పెద్దలు, పక్క స్థలంలో ఇలాంటి ప్రాజెక్టు వస్తోందని తెలిసిన కాలనీవాళ్లు పదే పదే ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే ఒకచోట చేర్చాను. వివరాలన్నీ ప్రధానంగా తెలంగాణకు, అందులోనూ హైదరాబాద్ చుట్టుపక్కలకు సంబంధించినవి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదటి సందేహాలు

సీనియర్ లివింగ్ అంటే మున్సిపాలిటీ వేరే రకం అనుమతి ఇస్తుందా?

ఇవ్వదు. మామూలు అపార్ట్‌మెంట్ల లాగే ఇదీ గ్రూప్ హౌసింగ్ కిందే వెళ్తుంది. 2012లో వచ్చిన భవన నిబంధనల 168 జీవో, దానికి తర్వాత వచ్చిన సవరణలు దీనికి ఆధారం. రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు, ఎత్తెంత, పార్కింగ్ సరిపోతుందా, ఫైర్ ఇంజన్ తిరుగుతుందా అన్నవి చూస్తారు. రాత్రిపూట నర్సు ఉంటుందా, వంట ఎవరు చేస్తారు, పడిపోతే ఎవరొస్తారు అన్నవి ఆ ఫైల్లో ఎక్కడా ఉండవు.

కాబట్టి "పర్మిషన్ వచ్చేసిందండీ" అని సేల్స్ ఆఫీసులో చెబితే, కట్టుకోవడానికి పర్మిషన్ వచ్చిందని మాత్రమే అనుకోండి. పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా చేస్తామన్నది మంజూరైన ప్లానులో గీసి ఉండాలి, లేదా అగ్రిమెంటులో రాసి ఉండాలి. రెండు చోట్లా లేనిదాన్ని రేపు గట్టిగా అడగడం కష్టం. బ్రోచర్ మాత్రం పారేయకండి. ప్రకటనలో తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకు పరిహారం అడిగే హక్కును రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ఇస్తోంది.

కేంద్రం రిటైర్మెంట్ హోమ్స్‌కి రూల్స్ పెట్టిందట కదా?

పెట్టింది. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. జారని టైల్స్, బాత్రూముల్లో పట్టుకునే కడ్డీలు, వీల్‌చైర్ పట్టే తలుపులు, కరెంటు పోతే బ్యాకప్, అత్యవసర వైద్యం, బిల్డరు, సేవలందించే సంస్థ, కొనుగోలుదారు ముగ్గురూ సంతకం చేసే ఒప్పందం వంటివన్నీ అందులో ఉన్నాయి. పేరులోనే ఉన్నట్టు అవి నమూనా మాత్రమే. రాష్ట్రం తన నిబంధనల్లో చేర్చుకుంటేనే కట్టుబడాలి. మహారాష్ట్ర రెరా 2024లో ఆ పని చేసింది.

మన దగ్గర కొనేవాళ్లకు నా సలహా ఒక్కటే. ఆ మార్గదర్శకాల్లో మీకు కావాల్సిన అంశాలను అగ్రిమెంటుకు అనుబంధంగా చేర్చమని అడగండి. నిజంగా పెద్దవాళ్ల కోసమే కడుతున్న బిల్డరుకు దీనివల్ల ఇబ్బందేమీ లేదు.

డిపాజిట్ కడితే జీవితాంతం ఉండొచ్చు అంటున్నారు. అదీ కొన్నట్టేనా?

కాదు. మీ పేరున రిజిస్ట్రేషన్ జరగదు, భూమిలో అవిభాజ్య వాటా రాదు. ఫ్లాటును అద్దెకు తీసుకున్నవారిని రెరా చట్టం 'అలాటీ'గా, అంటే ఫ్లాటు కేటాయింపు పొందిన కొనుగోలుదారుగా లెక్కపెట్టదు. అందువల్ల ఆలస్యమైతే వడ్డీ అడగడం, రెరాలో ఫిర్యాదు చేయడం లాంటి దారులు మీకు దొరకకపోవచ్చు. అందరికీ ఈ పద్ధతి చెడ్డదని అనను. వారసులు లేనివాళ్లకు, ఆస్తి నిర్వహణ తలనొప్పి వద్దనుకునేవాళ్లకు ఇదే నయం కావచ్చు. అయితే డిపాజిట్ తిరిగి ఎప్పుడిస్తారు, ఎంత కోస్తారు, భార్యాభర్తల్లో ఒకరు పోతే రెండోవారు ఏ షరతు మీద ఉంటారు అన్నవి లాయరు చేత చదివించాకే సంతకం పెట్టండి.

## స్థలం దగ్గర

అనుమతి ఎవరిస్తారు? జీహెచ్‌ఎంసీనా, హెచ్‌ఎండీఏనా?

స్థలం ఎవరి పరిధిలో ఉంటే వాళ్లు. నగరం లోపలైతే కార్పొరేషన్, చుట్టుపక్కల మెట్రోపాలిటన్ ప్రాంతంలో హెచ్‌ఎండీఏ, ఆ బయట డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళికా విభాగం). హద్దులు ఈ మధ్య మారాయి కాబట్టి, అనుమతి పత్రం మీద ఏ సంస్థ పేరుంది, ఏ తేదీ ఉంది, ఎప్పటివరకు చెల్లుతుంది అన్నవి రాసిపెట్టుకోండి. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. బహుళ అంతస్తుల ప్రాజెక్టుకు 'గ్రామ పంచాయతీ అప్రూవల్' ఉందని చెబితే అక్కడితో ఆగిపోండి.

ప్రాజెక్టు పక్కనే చెరువుంది. లేక్ వ్యూ అంటున్నారు. భయపడాలా?

భయం అక్కర్లేదు, కొలతలు కావాలి. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో దాన్ని ఎఫ్‌టీఎల్ గీత అంటారు. 168 జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకూ, నాలాకూ 9 మీటర్లు. అంతకన్నా సన్నదైతే 2 మీటర్లు.

ఎండాకాలంలో సైటు చూసి "నీళ్లు చాలా దూరంలో ఉన్నాయి" అనుకోవడం చాలామంది చేసే పని. నీళ్లు ఎక్కడున్నాయన్నది లెక్కలోకి రాదు, గీత ఎక్కడుందన్నదే లెక్క. సర్వే నంబరుతో ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు ఇచ్చిన పత్రం అడగండి. హెచ్‌ఎండీఏ చెరువుల నోటిఫికేషన్లు, పటాలు ఆన్‌లైన్‌లో పెట్టింది, అవి చూడండి. 2024 జులైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక బఫర్లలోని కట్టడాల మీద చర్యలు పెరిగాయి. డెబ్బై ఏళ్ల వయసులో ఇంటికి నోటీసు రావడం ఎవరికీ వద్దు.

మొయినాబాద్ వైపు చాలా తక్కువ ధరకు ఇస్తున్నారు. 111 జీవో ఎత్తేశారు కదా?

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో నివాస కాలనీలు, హోటళ్లు, పరిశ్రమల మీద ఆంక్షలు పెట్టింది. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను సడలించినా, జలాశయాల నీరు చెడకూడదన్న షరతులు పెట్టింది. 'ఎత్తేశారు' అన్న మాట మీద డబ్బు కట్టకండి. ఆ సర్వే నంబరులో, ఆ బ్లాకుకు, పేరూ నంబరూ ఉన్న భవన అనుమతి చూపించమనండి. ధర తక్కువగా ఉందంటే దానికి కారణం ఇదే కావచ్చు.

మేం అమెరికాలో ఉంటాం. ఫామ్ హౌస్ తరహా రిటైర్మెంట్ విల్లా మా పేరున కొనొచ్చా?

ఎన్ఆర్ఐలు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లు) ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య చట్టం నిబంధనల ప్రకారం వ్యవసాయ భూమి, తోట, ఫామ్ హౌస్ కొనకూడదు. గుంటల లెక్కన అమ్ముతూ 'రిటైర్మెంట్ కమ్యూనిటీ' అని పేరు పెట్టినా, రికార్డులో వ్యవసాయ భూమిగా ఉంటే అది వ్యవసాయ భూమే. నాలా మార్పిడి ఉత్తర్వు (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చినట్టు ఇచ్చేది), లేఅవుట్ అనుమతి, ఇంటి ప్లాను మూడూ ఉంటేనే అది మామూలు నివాస ఆస్తి. ఇక్కడుండే అమ్మానాన్నల పేరున కొన్నా సరే, ఆ మూడు కాగితాలు లేకపోతే వాళ్లు ఉండబోయేది అనుమతి లేని ఇల్లే.

## ప్లాను పరిశీలన

అంత పెద్ద ప్రాజెక్టుకు 21 రోజుల్లో అనుమతి ఎలా వస్తుంది? నమ్మొచ్చా?

తెలంగాణ 2020లో భవన అనుమతుల కోసం టీఎస్-బీపాస్ చట్టం చేసింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలాలకూ, పది మీటర్ల ఎత్తు దాటిన భవనాలకూ సింగిల్ విండోలో 21 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే. కాబట్టి త్వరగా వచ్చిందని అనుమానించనక్కర్లేదు. దీనికి రెండో వైపూ ఉంది. ఈ పద్ధతి దరఖాస్తుదారు, ఆర్కిటెక్టు ఇచ్చే హామీల మీద నడుస్తుంది. తప్పుడు సమాచారం ఇచ్చి కడితే నోటీసు కూడా లేకుండా చర్య తీసుకునే అధికారాన్ని అదే చట్టం ఇచ్చింది. హామీ ఇచ్చేది బిల్డరే అయినా చర్య జరిగేనాటికి ఇంట్లో ఉండేది మీరు. కాబట్టి కాగితాలు ఇంకోసారి మీరే తనిఖీ చేయించుకోండి.

ప్లాను షీటు చేతికొస్తే ఏం చూడాలో మాకేం తెలుస్తుంది?

తెలుస్తుంది. స్కేలు పట్టుకుని కూర్చుంటే చాలు, ఇంజనీరు కానక్కర్లేదు. అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పెట్టమని చెబుతాను.

ముందు గేటు దగ్గర్నుంచి లిఫ్టు దాకా వేలు పెట్టి దారి గీయండి. మధ్యలో ఒక్క మెట్టు ఉన్నా వీల్‌చైర్ అక్కడ ఆగిపోతుంది. ర్యాంపు ఉంటే దాని పొడవు కొలవండి. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండాలి. అంటే గ్రౌండ్ ఫ్లోర్ నేల నుంచి 60 సెంటీమీటర్లు ఎత్తుంటే ర్యాంపు 7.2 మీటర్లు ఉండాలి. రెండు మూడు మీటర్ల ర్యాంపు గీసి ఉంటే అది స్కూటర్లు ఎక్కించడానికి పనికొస్తుంది, పెద్దాయన కూర్చున్న కుర్చీని తోయడానికి కాదు.

తర్వాత లిఫ్టు. అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఉండే ఎనిమిది మంది లిఫ్టుకు లోపల 1300 మిల్లీమీటర్ల వెడల్పు, 1100 లోతు. మనిషిని పడుకోబెట్టిన స్ట్రెచర్ అందులో పట్టదు. జాతీయ భవన నియమావళి ఆస్పత్రి మంచం పట్టే లిఫ్టుకు 1000 వెడల్పు, 2400 లోతు చెబుతోంది. ప్రతి బ్లాకులో అలాంటిది ఒక్కటైనా ఉందా చూడండి. ఉందని నోటితో చెబితే చాలదు. లిఫ్టు గుంత కొలత ప్లానులోనే పడి ఉండాలి, ఎందుకంటే గోడలు లేచాక దాన్ని పెంచలేరు.

ఇక బాత్రూము. తలుపు 900 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి, బయటికి తెరుచుకుంటే ఇంకా మంచిది. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు వాళ్లే అడ్డమవుతారు. వీల్‌చైర్ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వృత్తం పట్టాలి. ప్లాను స్కేలుకు సరిపోయేలా రూపాయి బిళ్లలా గుండ్రంగా కాగితం కత్తిరించి ప్లాను మీద పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఈ సౌకర్యాలు లేకపోతే అనుమతి ఆపమని అడగొచ్చా?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో 44వ సెక్షన్ చదవండి. అందుబాటు ప్రమాణాలకు తగ్గట్టు ప్లాను లేకపోతే ఏ సంస్థకూ నిర్మాణ అనుమతి గానీ, పూర్తయినట్టు సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదని అందులో స్పష్టంగా ఉంది. ప్రమాణాల వివరాలు కేంద్రం 2021లో తెచ్చిన సమన్వయ మార్గదర్శకాల్లో ఉన్నాయి. క్లబ్ హౌస్, భోజనశాల, క్లినిక్ లాంటి ఉమ్మడి చోట్ల విషయంలో ఈ సెక్షన్ పేరు రాసి కమిషనరుకు అర్జీ పెట్టండి. ఇది ఇంకా చాలామంది వాడుకోని ఆయుధం.

పై అంతస్తులో గాలి బాగుంటుందంటున్నారు. తీసుకోవచ్చా?

ఎత్తు 18 మీటర్లు దాటిన నివాస భవనానికి ఫైర్ శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తప్పనిసరి. అలాంటి భవనం చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ ఉండాలి, ఎత్తు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ముందున్న రోడ్డు కనీసం 12 మీటర్లు ఉండాలి. ఇవన్నీ సరిగా ఉన్నా, మంటలొస్తే లిఫ్టు ఆపేస్తారు, మెట్లే దిక్కు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎన్ని అంతస్తులు దిగగలరో ఇవాళే ఇంట్లో చూసుకోండి. నన్నడిగితే మూడో అంతస్తు దాటొద్దంటాను.

పర్యావరణ అనుమతి కూడా కావాలా?

మొత్తం నిర్మాణం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించితే కావాలి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ అలా చెబుతోంది. ఆ పత్రంలో మురుగునీటి శుద్ధి ప్లాంటు, నీటి వనరు వివరాలుంటాయి, అవి చదవండి. బోర్ల మీద, ట్యాంకర్ల మీద మాత్రమే నడిచే చోట వేసవిలో పెద్దవాళ్లు చాలా ఇబ్బంది పడతారు.

లోపలే క్లినిక్, మెస్ ఉంటాయట. దానికి మున్సిపాలిటీ అనుమతి చాలా?

చాలదు. క్లినిక్‌కు వైద్య ఆరోగ్య శాఖ దగ్గర రిజిస్ట్రేషన్, మందుల షాపుకు డ్రగ్ లైసెన్సు, వంటశాలకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు విడివిడిగా ఉండాలి. ప్లానులో ఆ గది ఏ పేరుతో ఉందో చూడండి. 'స్టోర్' అనో 'ఆఫీస్' అనో ఉన్న గదిలో క్లినిక్ వస్తుందని చెబితే కారణం అడగండి.

## డబ్బు కట్టే ముందు

ప్రీ లాంచ్ ఆఫర్‌లో సగం ధరకే ఇస్తున్నారు. అనుమతులు వస్తున్నాయట. కట్టొచ్చా?

వద్దు. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు, అమ్మడం సంగతి సరే సరి. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా ఖర్చులో పది శాతం దాకా జరిమానా ఉంది. కానీ ఆ జరిమానా మీ ఇంటికి రాదు. రిటైర్మెంట్‌లో వచ్చిన గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు ఇలా ఇరుక్కుంటే మళ్లీ సంపాదించుకునే వయసు కాదు. రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా, అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు.

మాకు చూపించిన ఫ్లాటు 'మార్ట్‌గేజ్‌లో ఉంది' అన్నారు. అంటే బ్యాంకు అప్పా?

సాధారణంగా కాదు. ప్లాను ప్రకారమే కడతానన్న హామీగా బిల్డరు నిర్మాణంలో పది శాతాన్ని అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖా పెట్టాలి. నివాసానికి తగినదని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాకే దాన్ని విడిపిస్తారు. ఈ ఫ్లాట్లు ఎక్కువగా కింది అంతస్తుల్లోనే ఉంటాయి. పెద్దవాళ్లకు కావాల్సినవీ అవే. అందుకే మీ ఫ్లాటు నంబరు తనఖా జాబితాలో ఉందేమో ముందే చూసుకోండి. ఉంటే రిజిస్ట్రేషన్ ఆలస్యమవుతుంది. ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే బ్యాంకు తనఖా ఉన్నా తెలుస్తుంది.

## కడుతున్నప్పుడు

బుక్ చేసినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఫిజియోథెరపీ హాలు ఉంది. ఇప్పుడు షాపులు కడుతున్నారు. అడిగే హక్కుందా?

ఉంది. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం మంజూరైన ప్లానులో, ఉమ్మడి స్థలాల్లో మార్పు చేయాలంటే కొనుగోలుదారుల్లో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మొదట రెరా వెబ్‌సైట్‌లో ఉన్న ప్లాను దించుకుని, సైటులో తేదీ పడేలా ఫొటోలు తీసి, రెండూ జతచేసి బిల్డరుకు రాయండి. జవాబు రాకపోతే రెరాకూ, అనుమతి ఇచ్చిన సంస్థకూ ఫిర్యాదు పంపండి. ఎవరి మటుకు వాళ్లు ఫోన్లు చేయడం కన్నా, పదిమంది కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెడితే కదలిక వస్తుంది. సంతకం పెట్టమని బిల్డరే తెచ్చిన కాగితాల్లో 'భవిష్యత్ మార్పులకు సమ్మతి' అన్న వాక్యం ఉందేమో చూసుకోండి.

మేం పక్క కాలనీవాళ్లం. మా అభ్యంతరాలు ఎవరు వింటారు?

మామూలు భవన అనుమతికి మన దగ్గర బహిరంగ విచారణ ఉండదు. మాస్టర్ ప్లానులో భూ వినియోగం మార్చాలంటే మాత్రం ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తారు. ఆ గడువు పోనివ్వకండి. మిగతా సందర్భాల్లో సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో మంజూరైన ప్లాను, ఫైర్ ఎన్ఓసీ నకళ్లు అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. రోడ్డు కొలత తప్పు చూపారనో, నాలాను కలిపేసుకున్నారనో ఆధారంతో రాస్తే పరిశీలిస్తారు. "ముసలివాళ్లొస్తే అంబులెన్సుల రొద" అనే అభ్యంతరాన్ని దయచేసి రాయకండి. ఆ ఇళ్లలోకి వచ్చేది మన అమ్మానాన్నల వయసువాళ్లే.

## పూర్తయ్యాక

ఓసీ రాలేదు గానీ ఇంట్లోకి రమ్మంటున్నారు. చేరిపోవచ్చా?

ఆగండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అంటే కట్టింది ప్లాను ప్రకారమే ఉందని, నివాసానికి తగినదని అనుమతి ఇచ్చిన సంస్థ చెప్పడం. ఓసీ లేని భవనానికి నీళ్లు, కరెంటు మూడు రెట్ల చార్జీతో ఇవ్వవచ్చని 168 జీవోలో ఉంది. ఓసీ వచ్చాకే ఇల్లు అప్పగిస్తానని బిల్డరు నుంచి హామీ తీసుకోవాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు తీర్పులో చెప్పింది. పాత ఇల్లు ఖాళీ చేసేసి, ఎక్కడుండాలో తెలియక చాలామంది ముందే చేరిపోతారు. అందుకే పాత ఇంటి అద్దె గానీ అమ్మకం గానీ ఓసీ తేదీతో ముడిపెట్టుకోండి.

ఉండడం మొదలుపెట్టాక నర్సింగ్, భోజనం చూసే సంస్థ వెళ్లిపోతే మున్సిపాలిటీ ఏం చేస్తుంది?

ఏమీ చేయదు, దాని పరిధి కాదు. నివాసితుల సంఘం చేతిలో నిర్ణయాధికారం ఉందా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. అగ్రిమెంటులో మూడు మాటలు ముందే రాయించుకోండి: సంస్థ మానుకోవాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, కొత్త సంస్థను ఎన్నుకునే హక్కు సంఘానిదేనా, వంటశాల, క్లినిక్ గదులు సంఘం పేరున బదిలీ అవుతాయా. మూడోది చాలామంది మర్చిపోతారు. ఆ గదులు బిల్డరు పేరునే ఉండిపోతే కొత్త సంస్థ వచ్చినా పొయ్యి వెలిగించడానికి చోటుండదు.

మాది విశాఖపట్నం. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా?

రెరా, వికలాంగుల హక్కుల చట్టం, పర్యావరణ నోటిఫికేషన్, ఫెమా కేంద్రానివి కాబట్టి అక్కడా అంతే. భవన నిబంధనలు మాత్రం వేరు. ఆంధ్రప్రదేశ్‌కు 2017లో 119 జీవోతో సొంత నిబంధనలు వచ్చాయి, తర్వాత సవరణలూ జరిగాయి. దరఖాస్తులు కార్పొరేషన్, వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రోపాలిటన్ అభివృద్ధి సంస్థ) ద్వారా ఆన్‌లైన్‌లో వెళ్తాయి. సముద్రం దగ్గర స్థలమైతే తీర ప్రాంత నియంత్రణ జోన్ పటంలో సర్వే నంబరు ఎక్కడ పడుతుందో అన్నిటికన్నా ముందు చూసుకోండి.